హైవే క్షమిస్తుంది, రేగడి క్షమించదు

మంగళగిరిలో బైకు కొనబోతున్న కుర్రాడు ఎవర్ని అడిగినా ఒకటే సలహా వస్తోంది. హైవేకీ, మట్టిదారికీ ఒకే బండి కావాలంటే నాలుగొందల సీసీకి తగ్గకూడదట. హిమాలయన్ 450 తీసుకోవాలట, లేకపోతే కేటీఎం 390 అడ్వెంచర్ అయినా తీసుకోవాలట. అంతకన్నా చిన్నది కొంటే హైవే ఎక్కాక బాధపడాలట. షోరూములో ఇదే మాట, వీడియోల్లో ఇదే మాట, టీకొట్టు దగ్గరా ఇదే మాట. నా మటుకు నాకు ఇది తప్పుడు సలహా. లద్దాఖ్ రాళ్లదారుల కోసం పుట్టిన ఆలోచనను తెచ్చి కృష్ణా డెల్టా బురదలో దింపుతున్నారు.

ఈ వాదన బలమంతా హైవే మీదే ఉంది గనక ముందు దాని సంగతే చూద్దాం. మన గుమ్మం ముందున్న హైవే పదహారో నంబరు, పాత అయిదో నంబరు. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరసల రోడ్డు మీద మోటారుసైకిలుకు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. నిటారుగా కూర్చున్న ఒక మనిషిని ఆ వేగంతో చదును రోడ్డు మీద లాక్కుపోవడానికి ఏడెనిమిది హార్స్‌పవర్ చాలు. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. అంటే 80 నుంచి 120కి వెళ్లాలంటే ఆ శక్తి మూడు రెట్లకు పైగా కావాలి. నలభై హార్స్‌పవర్ ఇంజను అవసరం అక్కడ మొదలవుతుంది, చట్టం ఒప్పుకోని చోట. కాజ టోల్‌గేటు నుంచి వారధి దాకా ఒక్కసారి పోయి చూడండి. సర్వీసు రోడ్డులోంచి తల బయటపెట్టే ఆటోలు, ఎదురొచ్చే ట్రాక్టర్లు, ఉన్నట్టుండి ఎడమకు తిరిగే బస్సులు. అక్కడ 120లో పోయేవాడికి నేను బండి సలహా చెప్పను, బుద్ధి చెబుతాను.

వెనక మనిషిని, సామాను సంచులను ఎక్కించుకుని లారీని దాటాలంటే రెండొందల సీసీ బండి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది, నిజమే. ముందే చూసుకుని, గేరు తగ్గించి, ఖాళీ దొరికాక దాటాలి. ఆ కోవలోని ఎక్స్‌పల్స్ 200ను 90 దాటిస్తే ఇంజను గింజుకుంటుంది, చేతులకు వణుకు తెలుస్తుంది. అదంతా ఇబ్బందే. కానీ ఆ ఇబ్బంది వల్ల గమ్యం చేరేసరికి అరగంట ఆలస్యమవుతుంది, అంతే. బురదలో పెద్ద బండి తెచ్చిపెట్టే ఇబ్బంది ఈ జాతిది కాదు.

మన మట్టిదారి ఎలా ఉంటుందో ఈ సలహాదారులు ఎప్పుడూ చెప్పరు. నిడమర్రు, కురగల్లు వైపు పొలాల్లోకి పోయే డొంకలు, సీతానగరం నుంచి దుగ్గిరాల దాకా పడమటి కాలువ గట్లు, రాజధాని పనుల టిప్పర్లు తొక్కి పెట్టిన ఊరిదారులు. ఎండాకాలంలో వీటి మీద ఏ బండైనా పోతుంది. జూలైలో వాన మొదలయ్యాక చూడాలి. నల్లరేగడి నీళ్లు తాగి ఉబ్బుతుంది. పైపొర సబ్బులా జారుతుంది, కింది పొర టైరుకు అంటుకుంటుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు గాళ్లన్నీ పూడిపోతాయి. మడ్‌గార్డు టైరుకు దగ్గరగా ఉంటే మధ్యలో మట్టి కూరుకుని ముందు చక్రం తిరగడమే మానేస్తుంది. ఇక హ్యాండిల్ ఎటు తిప్పినా బండి తనకు తోచినవైపే పోతుంది. గట్టుకు ఒక పక్క కాలువ, ఇంకో పక్క వరిచేను.

లద్దాఖ్‌లో ఉండేది రాయి, కంకర, పారే నీళ్లు. అక్కడ బరువైన బండి కూడా ఊపు మీద దాటేస్తుంది, ఎందుకంటే రాయి చక్రానికి పట్టు ఇస్తుంది. రేగడి పట్టు ఇవ్వదు. పట్టు లేనిచోట నలభై హార్స్‌పవర్ ఉన్నా వెనక చక్రం ఉన్నచోటే తిరిగి గుంత తవ్వుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. అక్కడ పనికొచ్చేవి బరువు తక్కువ బండి, ఎత్తుగా బిగించిన ముందు మడ్‌గార్డు, గట్టి గాళ్లున్న టైర్లు, నేలకు ఆనే కాళ్లు. బండి పడిపోతే పక్కన ఎవరూ లేకుండా లేపగలగాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం.

హిమాలయన్ 450 బరువు పెట్రోలుతో కలిపి 196 కిలోలు. దానికి గార్డులు, పక్కపెట్టెలు బిగిస్తే రెండొందలు దాటిపోతుంది. ఎక్స్‌పల్స్ 200 బరువు 160 కిలోలకు కాస్త తక్కువ. మధ్య తేడా ఇంచుమించు ఒక మిర్చి టిక్కీ, అంటే ఒక ఎండుమిర్చి బస్తా. మోకాలి లోతు బురదలో ఒక్కడే నిలబడి అదనంగా ఒక టిక్కీ ఎత్తాలంటే ఎలా ఉంటుందో గుంటూరు యార్డు చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

డకార్ ర్యాలీలో 450 సీసీ బండ్లే కదా పరిగెత్తేది అని ఎదురు ప్రశ్న వేస్తారు. అవును. 2011 నుంచి అంతకు మించిన ఇంజనుకు అక్కడ చోటే లేదు. కానీ ఆ పోటీ బండ్లు ఖాళీ ట్యాంకుతో 140 కిలోలకు అటూ ఇటూ ఉంటాయి. వాటిని నడిపేవాళ్లు ఏడాది పొడవునా అదే పనిగా సాధన చేసినవాళ్లు. సీసీ ఒకటైనంత మాత్రాన బండి ఒకటి కాదు. బరువు సంగతి దాచిపెట్టి సీసీ సంగతి మాత్రం చెబితే అది సగం నిజం.

ఈ దారుల్లో రోజూ బతికేవాళ్లను ఎవరూ అడగడం లేదు, అదే నాకు కోపం. తెల్లారుజామున పాలక్యాన్లు కట్టుకుని గట్టు మీద పోయే మనిషి, మందు కొట్టే డబ్బా వీపుకు తగిలించుకుని డొంకలో దిగే రైతు ఎక్కేది ఎక్సెల్ మోపెడ్ లేదా స్ప్లెండర్. వాళ్లది పేదరికపు ఎంపిక అనుకుంటారు చాలామంది. అందులో అనుభవపు ఎంపిక కూడా ఉంది. జారితే కాలు ఆనుతుంది, దిగబడితే దిగి నెట్టుకుపోవచ్చు, చెడితే ఏ ఊళ్లోనైనా బాగుచేస్తారు. అయితే ఎక్సెల్ మీద హైవేలో ఒంగోలు దాకా పొమ్మని నేను అనను. చిన్న చక్రాలు, చిన్న బ్రేకులు ఆ వేగానికి సరిపోవు. అందుకే నేను చెప్పేది ఆ రెండు కొసలకూ మధ్యలో ఉన్న బండి గురించి: 200, 210 సీసీ, 21 అంగుళాల ముందు చక్రం, పుల్లల చక్రాలు. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210కి 24 హార్స్‌పవర్, ఆరో గేరు ఉన్నాయి. హైవే మీద ఉన్న ఫిర్యాదులో చాలా భాగం దానితో తీరింది.

దాని లోపం కూడా చెప్పాలి. సీటు ఎత్తు 82, 83 సెంటీమీటర్లు. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి కాలి వేళ్లే ఆనుతాయి. ఏటవాలు గట్టు మీద అవీ ఆనవు. అలాంటివాళ్లు పొట్టి సీటు వేయించుకోవాలి, లేదా ఈ రకం బండే వదిలేసి మామూలు 125తో సరిపెట్టుకోవాలి. ఏ బండి కొన్నా అడ్వాన్సు కట్టకముందే, అదే మోడల్ ఉన్న స్నేహితుణ్ని బతిమాలి దాన్ని ఇసుకలో మెల్లగా పక్కకు వాల్చి, ఒంటరిగా లేపి చూడండి. లేపలేకపోతే ఆ బండి మీది కాదు. వారం వారం ఇద్దరు కలిసి హైదరాబాదు పోయి వచ్చేవాళ్లు ఉంటే, వాళ్లు నిశ్చింతగా పెద్ద బండే కొనుక్కోవచ్చు. గట్ల మీద ప్రయాణం మాత్రం మానుకోవాలి.

డబ్బు సంగతి ఒక్క ముక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బైకుల మీద జీఎస్టీ 40 శాతం, ఆ లోపు 18 శాతం. హిమాలయన్ ధరలో దాదాపు సగానికే ఎక్స్‌పల్స్ 210 ఇంటికొస్తుంది. మిగిలిన దాంట్లో కొంచెం పెట్టి మంచి హెల్మెట్టు, చీలమండ దాకా వచ్చే బూట్లు, గట్టి గాళ్ల టైర్లు కొనండి. ట్యూబు టైర్లు కాబట్టి ఒక స్పేరు ట్యూబు, చేతిపంపు సీటు వెనక కట్టుకోండి. గట్టు దిగేముందు గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించండి, టైరు నేల మీద పరుచుకుని పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు నలిగి పగులుతుంది. తిరిగి హైవే ఎక్కేముందు కంపెనీ చెప్పిన లెక్కకు గాలి కొట్టించుకోండి.