లేచిన నేల, కుంగిన నేల



పోర్ట్ బ్లెయిర్‌లోని తెలుగు సంఘము వారు కూడికలకు పిలిచినందున విశాఖపట్నం నుండి ఓడలో వెళ్ళాను. ప్రయాణం గురించి వాంతులు తప్ప చెప్పవలసింది లేదు. శ్రీకాకుళం తీరం నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన మన వారు చాలామంది ఉన్నారు.

కార్బిన్స్ కోవ్ ఒడ్డున రాళ్ళు పొర మీద పొరగా, ఒక ప్రక్కకు ఒరిగి కనబడతాయి. ఒకప్పుడు లోతైన సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, బురద అవి. మన దేశమున్న భూఫలకం ఈశాన్యంగా జరుగుతూ ఆ ద్వీపాల క్రిందికి దూరుతున్నది. దమ్ము చేసిన మడిలో పలక తోలితే దాని ముందు బురద పోగుపడదా? అలాగే సముద్రపు అడుగు పోగుపడి, పైకి లేచి, అండమాన్ కొండలైంది.

క్రిందికి పోయిన ఫలకంలోని నీరు లోతున వేడి రాతికి తగిలినప్పుడు ఆ రాయి కరిగి పైకి వస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరాన ఉన్న బారెన్ ద్వీపం అట్లు పుట్టినదే. నీటిపైన కనబడేది సుమారు 350 మీటర్లే. మొదలు మాత్రం సముద్రంలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున ఉంది. ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో మళ్ళీ మండింది. నేను చూడలేకపోయాను.

నేను చూసినది సిప్పీఘాట్. సంఘ పెద్ద ఒకాయన తీసుకువెళ్ళారు. ఆయన కౌలుకు చేసిన మడి ఇప్పుడు ఉప్పునీటి క్రింద ఉంది. 2004 డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాటి ఆదివారం ఉదయం, ఫలకాల మధ్య బిగుసుకున్న చోటు 1,300 కిలోమీటర్ల మేర తెగింది. ఉత్తర అండమాన్‌లో పగడపు దిబ్బలు నీటిపైకి లేచాయి. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగింది. ఆయన తమ్ముడు పనికని కార్ నికోబార్ వెళ్ళి ఉన్నాడు. ఉప్పెన తరువాత దొరకలేదు.

"అయ్యగారండీ, సముద్రానికి దేవుడు హద్దు పెట్టాడని సండేస్కూల్లో చెప్పారు గదా. ఆ ఆదివారం ఆ హద్దు ఏమైందండీ?" అని అడిగారు.

పైన చెప్పినదంతా ఆయనకు చెప్పాను. ఆ కదలికే లేకుంటే మనం నిలబడిన ఈ నేల కూడా లేదన్నాను.

"నేల సంగతి సరేనండీ. మా తమ్ముడో?"

పాపం వల్లనే ఉప్పెన వచ్చిందని బోధించినవారున్నారు. నేను ఒప్పుకోను. సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిది మంది ఇతరులకంటె ఎక్కువ పాపులని మన ప్రభువే అనలేదు (లూకా 13). అయితే అది ఆయన అడిగినదానికి జవాబు కాదు. నా దగ్గర జవాబు లేదని ఆయనతోనే చెప్పాను.

ఆయన కోపగించుకోలేదు. నీటిలో మొలిచిన మడచెట్లను చూపించి, "ఆ చెట్ల వరసే మా గట్టండీ" అన్నారు. పోటు వచ్చేవరకు అక్కడే కూర్చున్నాం.