చవక కత్తి నేల మీదకి, మంచి కత్తి చెట్టు మీదకి



జీవామృతం గురించి, కషాయాల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటాం. చేతిలో ఉన్న కత్తి గురించి మాత్రం మాట్లాడుకోం. చవగ్గా వస్తున్నాయని సంతలో నాలుగు కత్తులు కొని పాకలో పడేస్తాం. రెండ్రోజులకే మొండిబారతాయి. పారేయడానికి మనసొప్పదు, వాడదామంటే తెగవు. వాటిని ఏం చెయ్యాలి? నేనైతే ఒకటే చెప్తాను: చవక కత్తిని నేల మీద పడి ఉన్నదాని మీద వాడండి. నిలబడి ఉన్న చెట్టు మీద వాడొద్దు.

కొబ్బరి కాండానికి తగిలిన గాయం మామిడికి మానినట్టు మానదు. గాయాన్ని పూడ్చే పొర దానికి లేదు. ఒక్క వేటుకి తెగాల్సిన పచ్చి మట్ట నాలుగు వేట్లు పడి చీలిందనుకోండి, ఆ వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది, ఆ గాయంలోనే గుడ్లు పెడుతుంది. పచ్చి మట్ట కొట్టాల్సి వస్తే మొదట్లో సుమారు 4 అడుగులు వదిలి కొట్టమనేది అందుకే.

కొబ్బరిలో కోకో వేసినవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. కోకో కాయ తొడిమ ఉన్న చోటే మళ్లీ పూత వస్తుంది. మొండి కత్తితో లాగితే తొడిమతో పాటు బెరడూ ఊడొస్తుంది, ఆ చోట ఇక కాయ ఉండదు. రసాయనాలు వాడేవాళ్లు పురుగొచ్చాక మందు కొట్టొచ్చులే అనుకుంటారు. మనకి గాయం కాకుండా చూసుకోవడమే మందు.

గడ్డం గీసే కత్తికైనా కొబ్బరి కత్తికైనా సూత్రం ఒక్కటే. ఇనుములో కార్బన్ చాలినంత ఉండాలి, కొలిమిలో పదును సరిగ్గా పట్టాలి. మెత్తటి ఇనుములో కార్బన్ 0.25 శాతం లోపే. దాన్ని ఎంత కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు. లారీ కమాను పట్టాలో సగం శాతం పైనే ఉంటుంది. మన కమ్మరులు దాన్నే ఏరుకునేది అందుకే.

ఇంట్లో ఉన్న కత్తుల్ని ఇలా వేరు చేయండి. వీడియో చూస్తూ చేస్తే తేలిక.

1. అంచు మీద ఆకురాయి పెట్టండి. జారిపోతున్నా, కష్టంగా పడుతున్నా పదును ఉన్నట్టే. సాన పట్టించి చెట్టు పనికి ఉంచుకోండి.

2. ఆకురాయి తేలిగ్గా అరగదీసేస్తే సాన చక్రం మీద రవ్వలు చూడండి. చిచ్చుబుడ్డిలా చిట్లితే ఇనుము మంచిదే, పదునే సరిగ్గా పట్టలేదు. కొలిమికి పంపితే బాగవుతుంది.

3. రవ్వలు చిట్లకుండా పొడుగ్గా పోతే మెత్తటి ఇనుము. పడిపోయిన అరటి బొందలు ముక్కలు చేసి ఆచ్ఛాదన వేయడానికి, కషాయానికి ఆకు నరకడానికి, పారకి అంటిన మట్టి గీకడానికి ఉంచండి.

4. పగులున్నవి, పిడి నిలవనివి పాత ఇనుములోకి వేసేయండి. అలాంటిది మనిషి చేతికి ఇవ్వకూడదు.

ఇంకో జాగ్రత్త. గ్రైండర్ మీద అంచు నీలంగా మారిందంటే పదును పోయినట్టే. మధ్యమధ్యలో నీళ్లలో ముంచుతూ పట్టించండి.

"కమ్మరి ఎక్కడున్నాడండీ ఇప్పుడు?" అంటారు. నిజమే, కొలిములు తగ్గిపోయాయి. కానీ సంత కత్తి కొన్న ప్రతిసారీ కొలిమి పని ఒకటి తగ్గించింది మనమే. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. పనిముట్లకి 15,000 రూపాయల దాకా సాయం ఉంది. పనిముట్లు వస్తే సరిపోదు, పని కూడా రావాలి. ఆ పని ఇవ్వాల్సింది రైతులే.

అందుకని ఊళ్లో పదిమంది కలిసి సీజనుకి ముందే కత్తులన్నీ ఒకేసారి కొలిమికి పంపండి. బేరం ఆడకుండా డబ్బులు ఇవ్వండి. నాలుగు చవక కత్తుల డబ్బుతో ఒక్క మంచి కత్తి చేయించుకుంటే చెట్టూ బాగుంటుంది, ఊళ్లో కొలిమీ నిలుస్తుంది.