దిగిన పూటే గేటు దగ్గరికి పరుగెత్తకండి!

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు ఇళ్లల్లో పిల్లల పాట ఒక్కటే - "అమ్మా, వండర్‌లాకి పోదాం!" 2016లో హైదరాబాద్ శివారు రావిర్యాలలో ఆ పార్కు తెరిచినప్పటి నుంచీ ఈ పోరు తప్పడం లేదు. సరే, చీటీ కట్టో, పోపుల డబ్బాలో దాచో ఎలాగోలా డబ్బు కూడబెట్టి బయల్దేరుతాం. ఆ డబ్బు ఎక్కడ నీళ్లపాలవుతుందో తెలుసా? ఊళ్లో దిగిన రోజు మధ్యాహ్నం!

నా సంగతే చెబుతాను. వనపర్తిలో పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాం. దారిలో టీలు, చిన్నదాని వాంతులు అన్నీ అయ్యి ఓ పార్కు ముందు దిగేసరికి ఒంటిగంటన్నర. "ఎలాగూ వచ్చాం కదా, పోదాం పదండి" అన్నారు మావారు. టిక్కెట్ల వరస, బ్యాగుల తనిఖీ, బట్టలు మార్చుకోవడం... పిల్లలు నీళ్లలో కాలు పెట్టేసరికి మూడున్నర. డబ్బులు మాత్రం రోజంతటికీ కట్టాం. మరి నేనేం చేశానంటారా? జరీ చీర కట్టుకుని, అత్తయ్యగారి పక్కన కూర్చుని ఆరు బ్యాగులకు కాపలా కాశాను!

వండర్‌లా అయితే ఉదయం 11 గంటలకు తెరుస్తారు. మామూలు రోజుల్లో సాయంత్రం ఆరింటి ప్రాంతంలో మూసేస్తారు. నీళ్ల ఆటలు అంతకంటే ముందే ఆపేస్తారు. మధ్యాహ్నం లోపలికి పోతే ఇక మిగిలేదెంత? నాగర్‌కర్నూలు వాళ్లు సొంత బండి ఉంటే తెల్లవారుజామునే లేచి కల్వకుర్తి, ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా తుక్కుగూడ చేరితే రావిర్యాల పక్కనే, ఊళ్లోకి పోయే పనే లేదు. గద్వాల వాళ్లకి ఎర్రవల్లి చౌరస్తా నుంచి శంషాబాద్ దాకా రావాలి, దూరం ఎక్కువ. బస్సులో వచ్చేవాళ్లు ఇమ్లీబన్‌లో దిగి మళ్లీ వెనక్కి రావాలి. కాబట్టి ముందురోజే చేరి, ఆ మధ్యాహ్నాన్ని ఇంట్లోనే గడపండి.

ఆ పూట మనం దిగేది ఏ ఆడపడుచు ఇంట్లోనో, చెల్లెలింట్లోనో కదా. వస్తూనే ఆవిణ్ణి పొయ్యి దగ్గర నిలబెట్టకండి. పార్కులోకి బయటి తిండి ఎలాగూ రానివ్వరు. మనం కట్టుకొచ్చిన జొన్న రొట్టెలు, పులిహోర ఆ మధ్యాహ్నానికే సరిపెట్టేయొచ్చు. రొట్టెల్లోకి పల్లీ పొడి ఉంటే ఇంకేం కావాలి? గ్లాసెడు పల్లీలు దోరగా వేయించి పొట్టు తీసి, ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర కూడా వేయించుకుని, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచండి. మరీ మెత్తగా నూరితే నూనె ఊరి ముద్దవుతుంది. కాస్త ఎక్కువే చేసి ఓ సీసాడు ఆడపడుచుకి ఇచ్చి చూడండి, ముఖం వెలిగిపోతుంది!

తిన్నాక అందరూ ఓ కునుకు తీయండి. నాలుగింటికి లేచి టేపు తెచ్చి పిల్లల్ని గోడకి నిలబెట్టి కొలవండి. నవ్వకండి, అక్కడ టిక్కెట్టు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి! 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు, 140 దాకా పిల్లల టిక్కెట్టు, ఆపైన పెద్దల టిక్కెట్టు. పెద్ద పెద్ద రైడ్లకూ ఎత్తే లెక్క. రెండు వేళ్లు తక్కువైన పిల్లవాడు ఆ ఏడుపేదో ఇంట్లోనే ఏడ్చేస్తే మేలు, వరసలో గంట నిలబడ్డాక కాదు.

ఇక బట్టలు. నీళ్లలోకి నూలు బట్టలు, చీరలు పనికిరావు. నైలాన్ లాంటివే ఉండాలి. సాయంత్రం బజారుకు పోయి తలా ఒక జత కొనుక్కోండి, లోపల కొనడం కన్నా నిదానంగా చూసుకోవచ్చు. మీక్కూడా ఒక జత! "నాకెందుకులే, నేను ఒడ్డున కూర్చుంటా" అనకండి. మీరూ టిక్కెట్టు కొనుక్కునే కదా లోపలికి పోయేది? గద్వాల చీర మాత్రం పెట్టెలోంచి తీయనే వద్దు. నూలు ఒళ్లు, పట్టు అంచు, ఆ నీళ్లకు అది ఏమవుతుందో వేరే చెప్పాలా?

అత్తయ్యగారిని కూడా ఆ సాయంత్రమే అడగండి. "మీరు రాలేరులెండి" అని మనమే తేల్చేయకూడదు. మా అత్తయ్యగారు ఈసారి "నేను ఇక్కడే కూతురితో కబుర్లు చెప్పుకుంటానమ్మా" అని హాయిగా ఉండిపోయారు. పెద్ద బ్యాగులన్నీ ఆవిడ దగ్గరే పెట్టి, ఒక్క చిన్న సంచీతో పోయాం. దాన్ని లాకర్‌లో పడేస్తే ఇక కాపలా ఎవరికి?

పిల్లల్ని తొమ్మిదిన్నరకల్లా పడుకోబెట్టండి. పొద్దున పదిన్నరకు గేటు దగ్గర ఉండాలి మరి. పడుకోబోయే ముందు సంచీ సర్దేటప్పుడు మీ జత బట్టలు అన్నిటికంటే పైన పెట్టుకోండి.