కదలని ఊరు, కదలెడు జిల్లాలు

పాలంపేట యున్నచోటనే యున్నది. రామప్ప గుడి లేచిన 1213 నుండి అంగుళమైన జరుగలేదు. అయినను 2016 అక్టోబరు వఱకు అది వరంగల్లు జిల్లాలో నుండెను. ఆ నెలలో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనికి పోయెను. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లాలోనికి వచ్చెను. ఇంటి గడప దాటకయే మూడు జిల్లాలు చూచిన భాగ్యము ఈ గ్రామస్థులది! ఇక రాష్ట్రముల మాటయా? మొదట హైదరాబాదు, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2 నుండి తెలంగాణ. కాశికి పోయివచ్చిన వృద్ధులు సైతము ఇంత దేశాటనము చేసియుండరు.

చిన్న జిల్లాలను మేము వెక్కిరించుట లేదు. బక్కరైతు ఒక సంతకమునకై రోజుకూలి పోగొట్టుకొని దూరపు పట్టణమునకు పోవు కష్టము తగ్గుట మేలే. మా సందేహము వేఱు. కచ్చేరి ఊరికి దగ్గఱగా వచ్చినది. కచ్చేరి భాష ఎంత దగ్గఱకు వచ్చినది?

ఈ గడ్డపై దొరతనపు భాషలకు పెద్ద వంశవృక్షమే యున్నది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఇచట వేయించిన శాసనము సంస్కృతము. రాళ్లు మోసినవారికి దాని యర్థము ఎవరైన చెప్పిరో లేదో! పిదప పారసీ వచ్చెను. పారసీ పోయి ఉర్దూ వచ్చెను. ఉర్దూ పోయి ఆంగ్లము వచ్చెను. 1921లో హైదరాబాదున ఒక సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభ్యులు గేలిచేసిరి. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. 1966లో తెలుగు అధికారభాష యని చట్టమయ్యెను. 2018లో బడులలో తెలుగు తప్పనిసరి యని తెలంగాణలో మఱియొక చట్టము వచ్చెను. 2023 జూన్‌లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము తెలుగులో తీర్పు వెలువరింపగా పత్రికలు దానిని వార్తగా ప్రకటించెను. తెలుగునాట తెలుగు వార్త యగుట!

రామప్ప గుడి శిఖరమును నీటిపై తేలునంతటి తేలిక యిటుకలతో కట్టిరి. అధికారభాషను గూర్చిన మన నాయకుల వాగ్దానములును అంత తేలికవే. వానితో శిఖరము మాత్రము లేవకున్నది.

మేము అన్యభాషాపదముల నెల్ల ఊరి పొలిమేర దాటింపవలెనను పండితులము కాము. 'చరవాణి' యని పత్రికలు వ్రాయుచున్నవి గాని, "చరవాణి ఇంట్ల మఱిచిన" అన్న మనుష్యుని మేము నేటివఱకు చూడలేదు. పాలంపేట రైతు "కలెక్టరాఫీసుల దరఖాస్తు పెట్టిన" అనును. అందు మొదటిది ఆంగ్లము, రెండవది పారసీ, 'పెట్టిన' అనునది తెలుగు. నామములు ఏ దేశము నుండి వచ్చినను సరే, క్రియ మనదైనంతవఱకు అది తెలుగు వాక్యమే. ఆ దరఖాస్తునకు బదులుగా వచ్చు కాగితము సంగతి యేమి? సచివాలయపు ఉత్తర్వులు పెక్కు నేటికిని ఆంగ్లముననే వెలువడుచున్నవి. అందు క్రియయు మనది కాదు. తన పొలమును గూర్చి తన ప్రభుత్వము తనకు వ్రాసినదానిని రైతు తన మనుమరాలిచే చదివించుకొనవలెను. ఆ పిల్ల బడినుండి వచ్చువఱకు భూమి తనదో కాదో అతనికి తెలియదు. ఇది నవ్వుటకు తగినదే గాని, నవ్వు గొంతు దాటి రాదు.

గుడికి పోయిన నాగరికుల విషయము కొంత చెప్పవలెను. మార్గదర్శకుడు ఎత్తుమడమల చెప్పులు తొడిగిన మదనికను చూపి, "హైహీల్సండీ!" యనగానే అందఱును ఆమె పాదముల వంక చూతురు. తక్కిన మదనికలకు ఆ చెప్పులు లేకపోవుట వారి దురదృష్టము. పిమ్మట అందఱును శిల్పమునకు వీపు చూపి, సెల్లు ముఖమునకెత్తి, తమ చిత్రములు తామే తీసికొందురు.

2021 జూలై 25న ఈ గుడి ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది. మేమును గర్వించితిమి. అయితే పట్టికలోని పేరును చదువరులు ఒకమారు చూడవలెను. శాసనములోని దేవుని పేరు రుద్రేశ్వరుడు. జనము తరతరములుగా శిల్పి పేరని చెప్పుకొనుచు పిలుచు పేరు రామప్ప. పట్టికలో కాకతీయ రుద్రేశ్వరము ముందు నిలిచినది. రామప్పను అటునిటు కుండలీకరణములు కట్టి లోపల కూర్చుండబెట్టిరి. ములుగు దారిలో బస్సు కండక్టరునకు ఆ కుండలీకరణముల సంగతి తెలియదు. అతడు "రామప్ప, రామప్ప, దిగాలె!" యనియే కేక వేయుచున్నాడు.