ఊరు ఒప్పుకుందని ఎవరు లెక్కేశారు?

కర్ణాటక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షులకు,

గనికో, పెద్ద క్వారీకో అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సభ నడిపేది మీ మండలే. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేస్తారు, వీడియో తీస్తారు, అభ్యంతరాలు రాసుకుంటారు. ఇంతమంది రావాలన్న కోరం మాత్రం అక్కర్లేదని అందులోనే ఉంది. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. ఎంతమంది సరేనన్నారు, ఎంతమంది వద్దన్నారు అన్న లెక్క మాత్రం తేలదు.

నాగరగెరె, బాగేపల్లి వైపు ఇంట్లో మాట తెలుగు. మీరిచ్చే ప్రాజెక్టు సారాంశం ఇంగ్లీషు, కన్నడ. జిల్లాధికారి ముందు మైకు పట్టుకుని కన్నడలో అడిగే ధైర్యం ఎందరు ఆడవాళ్లకుంటుంది? వాళ్లు నోరు మెదపకపోతే ‘అభ్యంతరం లేదు’ కిందికి పోతుంది.

గనులపై అధ్యయనం చేసే థామ్సన్, బూటిలియర్ ఊరి అంగీకారాన్ని మెట్లుగా కట్టారు: నిరాకరణ, సహించడం, సమ్మతి, తనదనుకోవడం. మన సభలు సహించడాన్నే సమ్మతిగా రాసేసుకుంటున్నాయని నా అనుమానం.

పైగా ఒకనాటి మాట ఎన్నాళ్లు నిలుస్తుంది? 2021 ఫిబ్రవరిలో మా జిల్లాలోనే, హిరేనాగవల్లి దగ్గర క్వారీల్లో వాడే జిలెటిన్ పేలి ఆరుగురు పోయారు. దానికి ముందూ వెనకా ఊరి మాట ఒకటిగా ఉంటుందా?

సరిహద్దుకు అవతల కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల చూడండి. యురేనియం కోసం అడవిలో 68 బోర్లు వేస్తామన్నారు. 2024 నవంబరులో ఊళ్లు రోడ్డెక్కాక ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అడగాల్సింది ముందే కదా! ఆ మరుసటి ఏడే, 2025 సెప్టెంబరులో, అణు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సభే అక్కర్లేదని కేంద్రం తేల్చేసింది. అది మీ చేతిలో లేదు, నిజమే. మీరు నడిపే సభలైతే మీ చేతిలోనే ఉన్నాయి.

అందుకే సభతో సరిపెట్టకండి. గనికి దగ్గరున్న ఇళ్లకు మనుషుల్ని పంపండి, తెలుగులో అడిగించండి. ‘మీకిష్టమేనా’ అంటే ఎవరైనా తలూపుతారు. బ్లాస్టింగ్ సైరన్ వినబడగానే పొయ్యి మీది ఎసరు దించి పిల్లల్ని బయటికి తెచ్చుకుంటున్నారా, గోడ బీటేస్తే ఎవరైనా వచ్చి చూశారా, బోరులో నీళ్లు ఎన్నడుగులు దిగాయి, పోయినేడు కంపెనీ చెప్పినదాంట్లో ఏం చేసింది: ఇవి అడగండి. ఏటేటా అడగండి. ‘వద్దు’ అన్నవాళ్ల లెక్కతో సహా పంచాయతీ గోడకు అంటించండి.

ఇట్లు,
నాగరగెరె ప్రాంతవాసి