కుండలో మిగిలిన తోడు

సాయంత్రం తాడిచెట్టు మీద గెలకు కట్టిన కుండ తెల్లారేసరికి నిండుతుంది. గెల నుంచి చుక్కచుక్కగా రాలేటప్పుడు అది ఉత్త తియ్యటి నీరే. వందకు పది, పన్నెండు పాళ్లు చక్కెర. మత్తు లేదు, ఘాటు లేదు. మరి మోకు వేసుకుని ఎక్కినవాడు కిందికి దించేసరికి ఆ నురగ ఎక్కడిది? చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించే ఆ బుసబుస ఏమిటి?

రహస్యమంతా కుండలోనే ఉంది. నిన్నటి కల్లు ఒంపేసినా మట్టికుండ గోడల్లో, అడుగున ఉన్న మట్టులో కంటికి కనిపించని ఈస్ట్ మిగిలిపోతుంది. కొత్త నీరు పడగానే అది మేల్కొంటుంది. చక్కెరను తిని ఆల్కహాలును, గాలిబుడగలను వదులుతుంది. కొత్త కుండ కడితే పులుపు ఆలస్యమవుతుంది. పాత కుండ అయితే ఎండెక్కక ముందే పొంగుతుంది. అదే కుండకు లోపల సున్నం పూస్తే కథ మారిపోతుంది. ఈస్ట్‌కు సున్నం గిట్టదు. పులియడం ఆగుతుంది. ఆ తియ్యటి నీరే నీరా. దాన్ని కాస్తే తాటిబెల్లం. ఒకే చెట్టు, ఒకే గెల. పిల్లలు తాగేదా, పెద్దలు తాగేదా అన్నది కుండలో ముందురోజు ఏం మిగిలిందన్న దాన్నిబట్టి ఉంటుందన్నమాట!

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు పాత ఇళ్లలో ఇలాంటి కుండే ఇంకోటి ఉండేది. వంటింటి మూల ఒత్తుమీద కూర్చునే తరవాణి కుండ. అందులో కల్లూ లేదు, మత్తూ లేదు. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్లు రోజూ అందులో పోసేవారు. రాత్రి మిగిలిన అన్నం అందులో వేస్తే పొద్దున్నే పుల్లటి చద్దన్నం సిద్ధం. కాస్త ఉప్పు, ఓ ఉల్లిపాయ, మాగాయ ముక్క... రోహిణి ఎండల్లో పొలం వెళ్లేవాడికి ఇంకేం కావాలి! ఈ కుండకు ఒక్కటే నియమం. అడుగంటా ఒంపెయ్యకూడదు. పాతది కొంత ఉంచి, దానిమీదే కొత్త గంజి పోయాలి. ఎంగిలి గరిటె పెట్టారో, అమ్మమ్మ ఊరుకునేది కాదు. ఆవిడకు సూక్ష్మజీవుల సంగతి తెలియకపోవచ్చు. ఒక్క గరిటె తేడాతో కుండంతా కంపుకొడుతుందని మాత్రం అనుభవం మీద తెలుసు.

బీరు కథా అచ్చం ఇంతే. 1516లో జర్మనీలోని బవేరియా పాలకులు బీరులో ఏమేం వాడాలో చట్టం చేశారు. బార్లీ, హాప్స్ పువ్వులు, నీళ్లు. అంతే! ఈస్ట్ పేరే లేదు. అది ఒక జీవి అని అప్పటికి ఎవరికీ తెలియదు మరి. కిందటిసారి పీపాలో పేరుకున్న మడ్డిని తీసి కొత్తదాంట్లో కలిపితే పులుస్తుందని మాత్రం తెలుసు. ఆ మడ్డిలో ఏముందో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ తేల్చి చెప్పేసరికి పంతొమ్మిదో శతాబ్దం సగం దాటింది.

మడ్డిని పదేపదే వాడటంలో చిక్కూ ఉంది. మంచి ఈస్ట్‌తో పాటు అడవిజాతి ఈస్ట్, బ్యాక్టీరియా కూడా చేరి, తరం తరానికీ పెరిగిపోతాయి. ఓరోజు బీరంతా చేదెక్కి పారబోయాల్సివస్తుంది. డెన్మార్కులోని కార్ల్స్‌బెర్గ్ కంపెనీకి ఈ బాధ తప్పలేదు. అక్కడి శాస్త్రవేత్త ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే ఒక్క ఈస్ట్ కణాన్ని వేరుచేసి, దాన్నే పెంచి శుద్ధమైన తోడు తయారుచేశాడు. యజమాని జాకబ్‌సెన్ దాన్ని దాచుకోలేదు. అడిగిన పోటీదారులకూ ఊరికే ఇచ్చాడు. మన ఇళ్లలో పెరుగుకు తోడు లేదంటే పక్కింటివాళ్లు చిన్న గిన్నెలో ఇచ్చినట్టే! అంత వ్యాపారి ఆ పని చెయ్యడం మాత్రం ఇప్పటికీ వింతే.

ఈనాటి బీరు కంపెనీలు ఒకే ఈస్ట్‌ను కొన్నిసార్లు వాడి, నీరసించగానే కొత్తది తెచ్చుకుంటాయి. అమెరికాలో 1978లో ఇంట్లో బీరు కాసుకునేందుకు చట్టం అనుమతించింది. ఆ సరదా ఉన్నవాళ్లు మడ్డిని పారెయ్యరు. కాచి చల్లార్చిన నీళ్లు పోసి కదిపి, కాసేపు కదలకుండా ఉంచుతారు. బరువైన చెత్త అడుక్కి దిగుతుంది. పైన పాలమీగడ రంగులో తేలే ఈస్ట్‌ను శుభ్రమైన సీసాలోకి వంచుకుని ఫ్రిజ్‌లో పెడతారు. కొన్ని వారాల్లోపు వాడెయ్యాలి. ముక్కు దగ్గర పెడితే రొట్టె వాసన రావాలి. కుళ్లు వాసన వచ్చిందా, మొహమాటం లేకుండా పారబోయడమే. మన దగ్గర మాత్రం ఈ ముచ్చట కుదరదు. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం.

దోసెల పిండి విషయంలో అడ్డేం లేదు. చలికాలం పిండి పులవక ఏడిపిస్తుంటే, పాత పిండి ఓ గరిటెడు మిగిల్చి కొత్తదాంట్లో కలిపిచూడండి. గోవాలో రొట్టెలు చేసేవాళ్లు, కేరళలో అప్పాలు వేసేవాళ్లు ఇదే పనికి కల్లు వాడేవారు. ఘాటంతా పెనం మీదే పోతుంది, మెత్తదనం మిగులుతుంది.

తరవాణి కుండకే కష్టం వచ్చిపడింది. కుక్కరు వచ్చాక వార్చడం పోయింది. వార్చకపోతే గంజి ఎక్కడిది? గంజి ఆగితే కుండలోని తోడు ఆకలితో నీరసిస్తుంది. నాలుగురోజులు ఊరెళ్లివచ్చేసరికి బూజు పడుతుంది. మళ్లీ మొదలుపెట్టాలన్నా పెద్ద పనేం కాదు. మట్టికుండ ఒకటి, రోజూ ఓ గిన్నెడు గంజి, వేసవి అయితే మూడునాలుగు రోజుల ఓపిక. మొదటిరోజుల్లో వాసన కాస్త అటూఇటూగా ఉంటుంది. పులుపు స్థిరపడ్డాకే అన్నం వెయ్యాలి. పైన రంగురంగుల బూజు కనిపిస్తే మాత్రం కుండతో సహా వదిలేసుకోవాల్సిందే.