ఉన్న ఇంటి వాసాలు లెక్కపెట్టుకుందాం



తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదని పెద్దలంటారు. కాని మనం ఉంటున్న ఇంటి వాసాలను ఏడాదికొకసారి లెక్కపెట్టుకోవడం ఎంతో అవసరం. అందుకే ఈ నెల 'మన ఇల్లు' శీర్షికలో, పెంకుటింట్లో పుచ్చిన కలపను తీసి కొత్తది వేసుకోవడం ఎలాగో తెలుసుకుందాం.

మన పల్లెల్లోను, పాత మిషను ఆవరణల్లోను మంగళూరు పెంకుల ఇళ్లు, మందిరాలు ఇంకా ఉన్నాయి. ఈ పెంకుల ఫ్యాక్టరీని మంగళూరులో మొదట స్థాపించినవారు బాసెల్ మిషను వారే. అది 1865వ సంవత్సరం. పెంకు తరతరాలు నిలుస్తుంది. ముందుగా చెడేది దాని కింద ఉన్న కలప. ఒక్కొక్క పెంకు 2 కిలోలకు పైగా తూగుతుంది. 100 చదరపు అడుగుల కప్పుకు సుమారు 140 పెంకులు పడతాయి. అంటే దాదాపు 300 కిలోల బరువు! వానకు తడిస్తే ఇంకా ఎక్కువ. ఆ బరువు కిందే మన పిల్లలు నిద్రపోతారు. కనుక వాసం పుచ్చిందంటే అది అందానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం.

ముందు కనిపెట్టవలసింది నీటిని

కలప తనంతట తాను కుళ్లదు. దానిలోని తేమ నూటికి 20 పాళ్లకు మించకుండా ఉంటే కుళ్లు పట్టదు. కాబట్టి ఎక్కడ కుళ్లిందో అక్కడికి నీరు చేరుతోందని అర్థం. చాలామంది పుచ్చిన ముక్క తీసి కొత్త ముక్క వేయిస్తారు కాని, పైన పగిలిన పెంకును మార్చరు. నాలుగైదు వానాకాలాలు గడిచేసరికి కొత్త ముక్కకూ అదే గతి పడుతుంది. పెట్టిన డబ్బంతా వృథా.

నీరు కారినచోటే మరక కనబడుతుందని అనుకోవద్దు. నడికొప్పు దగ్గర దిగిన నీరు వాసం వెంట జారి, చూరు దగ్గర తేలవచ్చు. కనుక మరక నుంచి పైకి వెదుక్కుంటూ వెళ్లండి. ముఖ్యంగా చూడవలసిన చోట్లు ఇవి: నడికొప్పు, రెండు వాలులు కలిసే మూల, చూరు అంచు, గోడలోకి దిగిన దూలం కొన, ద్వారబంధం అడుగు.

దబ్బనంతో పరీక్ష

ఒక దబ్బనం తీసుకుని వాసాన్ని అడుగడుగునా గుచ్చి చూడండి. మంచి కలప దానిని లోనికి రానివ్వదు. కుళ్లిన కలపలోకి మెత్తగా దిగిపోతుంది. సుత్తితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. మట్టి గీతలు కనబడితే చెదలు. అవి నేలలోనుంచి వస్తాయి గనుక, ఆ గీత ఎక్కడ మొదలైందో కనుగొని ఆ దారి మూయాలి. పిండిలాంటి పొడి రాలితే పుచ్చు పురుగు. రంగు పైకి నున్నగా ఉన్నదని మోసపోవద్దు.

మరమ్మతు చేసే విధానం

ఈ పని ఎండాకాలంలో, తొలకరికి ముందే ముగించుకోవాలి. ఆ గదిలో ఎవ్వరూ ఉండకూడదు. వాసాల వెంట కరెంటు తీగలుంటే మెయిన్ ఆపివేయాలి. దూలానికి కింద బల్లచెక్క వేసి, దాని మీద గట్టి ఊతం నిలబెట్టాలి. పెంకులను నడికొప్పు నుంచి మొదలుపెట్టి రెండు వాలుల మీదా సమానంగా తీయాలి. ఒకవైపే తీస్తే బరువు రెండవవైపు మొగ్గుతుంది.

వాసం కొన మాత్రమే చెడితే, మంచి కలప తగిలేవరకు కోసి, అక్కడనుంచి ఇంకో జానెడు అదనంగా తీసివేయాలి. కుళ్లు కంటికి కనబడేదానికంటే లోతుగా ఉంటుంది. తరువాత అదే మందం గల కొత్త వాసాన్ని పాతదాని పక్కనే జోడించి, రెండు మూడడుగుల మేర కలిసి ఉండేటట్లు బోల్టులు బిగించాలి. ఒట్టి మేకులు చాలవు. వాసం నడుమ పుచ్చితే అతుకు పనికిరాదు, మొత్తం మార్చవలసిందే. రీపర్లు కూడా అప్పుడే చూసుకోవాలి.

కొత్త కలప బాగా ఆరినదై ఉండాలి. చేవను ఎన్నుకోండి, తెల్లచెక్కను పురుగు త్వరగా పట్టుకుంటుంది. పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే టేకు దొరికితే మంచిదే, కాని మేకులు పీకి, దబ్బనంతో పరీక్షించి తీసుకోండి. తాటి దూలమైతే ముదురు చెట్టుదై ఉండాలి. దాని బలమంతా పైపొరలోనే, లోపలిది మెత్తని బెండు.

ద్వారబంధం అడుగు చెడితే సిమెంటు పూసి కప్పడం కొందరి అలవాటు. దానివల్ల తేమ లోపలే నిలిచి కుళ్లు ఇంకా పైకి పాకుతుంది. చెడిన అడుగు కోసివేసి కొత్త ముక్క అతికించి, కింద నాపరాయి ముక్క పెట్టండి. కలప నేలకు తగలకుండా ఉంటే చాలాకాలం మన్నుతుంది. గోడలోకి దిగే దూలం కొన చుట్టూ కూడా గాలి ఆడేందుకు కొంచెం సందు ఉంచాలి. రంగు వేయడం అన్నిటికంటే చివరి పని. అదీ కలప పూర్తిగా ఆరిన తరువాతనే.

ఒక హెచ్చరిక

నడుమ దూలం వంగినా, గోడ పక్కకు ఒరిగినా మీరు చేయి పెట్టవద్దు. ఆ గది ఖాళీ చేసి, అనుభవమున్న వడ్రంగిని గాని ఇంజనీరును గాని పిలవండి. ఖర్చుకు వెనుకాడి మరొక వానాకాలం గడుపుదామనుకోవడం మంచిది కాదు.

పని ముగిసిన తరువాత, మొదటి పెద్దవాన కురిసిన రోజున దీపం పట్టుకుని ఇంటిల్లిపాదీ ఒకసారి కప్పు కింద తిరిగి చూడండి. ఎక్కడా చెమ్మ లేకపోతే మీ శ్రమ ఫలించినట్లే. చుక్క కనబడితే మరునాడే పెంకు సరిచేయండి. ఒక్క పెంకు ఖర్చుతో ఒక వాసం నిలుస్తుంది.

వచ్చే నెల గోడల చెమ్మను గురించి తెలుసుకుందాం.